పాఠం 14: నాడీకణాలకు అండగా నిలిచే గ్లియా కణాలు

14.1 పరిచయం

మోచేతి లోపలివైపు ఎముక ఎప్పుడైనా గోడకో బల్లకో తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమన్న అనుభవం మీకు ఉండే ఉంటుంది. ఆ దెబ్బ తగిలింది ఎముకకు మాత్రమే కాదు. ఎముక పక్కగా, చర్మానికి బాగా దగ్గరగా పోయే ఒక నాడికి కూడా. దానిని అల్నార్ నాడి అంటారు.

నాడీకణానికి కణదేహం, డెండ్రైట్లు, పొడవైన తంత్రికాక్షం ఉంటాయని మీకు తెలుసు. కాని ఒక నాడిని సూక్ష్మదర్శినిలో చూస్తే తంత్రికాక్షాలతో పాటు వాటిని అంటిపెట్టుకొని ఉన్న వేరే కణాలు కూడా కనిపిస్తాయి. ఇవి గ్లియా కణాలు. ఇవి వార్తలను మోసే కణాలు కావు. అయినా ఇవి దెబ్బతింటే చేతికి నిప్పు తగిలినా తెలియదు. అది ఎలా జరుగుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- గ్లియా కణాల రకాలను, పనులను చెప్పగలుగుతారు;
- మైలిన్ తొడుగు ఉపయోగాన్ని వివరించగలుగుతారు;
- స్పర్శ లేని మచ్చను ఎందుకు అశ్రద్ధ చేయరాదో కారణం చెప్పగలుగుతారు.

14.2 పేరు ఎలా వచ్చింది?

జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్షో 1856లో ఈ కణజాలాన్ని న్యూరోగ్లియా అన్నాడు. గ్రీకు భాషలో గ్లియా అంటే జిగురు. నాడీకణాలను అతికించి ఉంచడమే వీటి పని అని ఆనాడు భావించారు. ఇవి నాడీకణాల కంటే పది రెట్లు ఎక్కువని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. అయితే 2009లో ప్రకటించిన లెక్క ప్రకారం మనిషి మెదడులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. మిగతా కణాలన్నీ కలిపి కూడా దాదాపు అంతే.

14.3 మెదడు, వెన్నుపాములలోని గ్లియా కణాలు

(అ) ఆస్ట్రోసైట్లు: ఇవి నక్షత్రం ఆకారంలో ఉంటాయి. వీటి శాఖలు ఒకవైపు రక్తకేశనాళికలను, మరొకవైపు నాడీకణాలను తాకుతూ ఉంటాయి. నాడీకణాలకు పోషణలో తోడ్పడతాయి. వాటి చుట్టూ అధికంగా చేరిన పొటాషియం అయాన్లను తొలగిస్తాయి.

(ఆ) ఆలిగోడెండ్రోసైట్లు: ఇవి తంత్రికాక్షాల చుట్టూ మైలిన్ తొడుగును ఏర్పరుస్తాయి. ఒక్కొక్క కణం అనేక తంత్రికాక్షాలకు తొడుగు అందించగలదు.

(ఇ) మైక్రోగ్లియా: ఇవి మెదడుకు కాపలా కణాలు. సూక్ష్మజీవులను, చనిపోయిన కణాల శిథిలాలను మింగి శుభ్రం చేస్తాయి.

(ఈ) ఎపెండిమా కణాలు: మెదడు, వెన్నుపాములలోని కుహరాలకు లోపలి పొరగా ఉంటాయి. మస్తిష్కమేరు ద్రవం కదలికకు సహాయపడతాయి.

14.4 ష్వాన్ కణాలు

మెదడు, వెన్నుపాముల నుండి చేతులకు, కాళ్ళకు, ముఖానికి పోయే నాడులలో ముఖ్యమైన గ్లియా కణాలు ష్వాన్ కణాలు. వీటిని వర్ణించిన థియొడార్ ష్వాన్ పేరే వీటికి వచ్చింది. ఒక ష్వాన్ కణం ఒక తంత్రికాక్షంలో కొద్ది భాగాన్ని చాపలా చుట్లు చుట్లుగా చుట్టుకుంటుంది. ఈ చుట్లే మైలిన్ తొడుగు. రెండు ష్వాన్ కణాల మధ్య మిగిలే సన్నని ఖాళీని రాన్వియర్ కణుపు అంటారు.

కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్లే తంత్రికాక్షానికి మైలిన్ ఉంటుంది. కాని ఒక తేడా ఉంది. నాడీ ప్రచోదనం ఒక కణుపు నుండి మరొక కణుపుకు దూకినట్లుగా సాగుతుంది. అందువల్ల వేగం పెరుగుతుంది. మైలిన్ లేని సన్నని పోగులలో ప్రచోదనం సెకనుకు 2 మీటర్లకు మించదు. మైలిన్ ఉన్న లావు పోగులలో సెకనుకు 100 మీటర్ల వరకు ఉండవచ్చు. మైలిన్ లేని పోగులను కూడా ష్వాన్ కణాలే తమలో పొదువుకొని కాపాడతాయి. నొప్పిని, వేడిని తెలిపే పోగులలో చాలా వరకు ఇలాంటివే.

నాడి తెగినప్పుడు ష్వాన్ కణాలు వరుసగా నిలిచి, కొత్తగా పెరిగే తంత్రికాక్షానికి దారి చూపుతాయి. ఆ పెరుగుదల రోజుకు సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది.

14.5 ష్వాన్ కణాలలో చేరే శత్రువు

కుష్ఠువ్యాధిని కలిగించే బాక్టీరియాను నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొన్నాడు. ఇది నాడులలోని ష్వాన్ కణాలలో చేరి నివసిస్తుంది. సుమారు రెండు వారాలకు ఒకసారి మాత్రమే రెట్టింపవుతుంది. అందుకే లక్షణాలు బయటపడటానికి సగటున 5 సంవత్సరాలు పడుతుంది. శరీరంలో చల్లగా ఉండే భాగాలు దీనికి అనుకూలం. మోచేతి వద్ద అల్నార్ నాడి చర్మానికి దగ్గరగా ఉంటుంది కనుక తరచుగా దెబ్బతింటుంది.

బాక్టీరియాతో శరీరం పోరాడేటప్పుడు నాడి వాచి నలిగిపోతుంది. ష్వాన్ కణాలు, వాటితో పాటు తంత్రికాక్షాలు నశిస్తాయి. చర్మం స్పర్శ కోల్పోతుంది. కండరాలు బలహీనపడి చిటికెన వేలు, ఉంగరపు వేలు ముడుచుకుపోతాయి. ఈ వ్యాధి వల్ల వేళ్ళు వాటంతట అవే ఊడిపోతాయన్నది అపోహ. నొప్పి తెలియక వేడి గిన్నె పట్టుకోవడం, గాయాలను పట్టించుకోకపోవడం వల్లనే వేళ్ళు పాడవుతాయి.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ విషయం తెలిసి ఉండటం మరీ అవసరం. మన దేశంలో ఈ వ్యాధి 2005 డిసెంబరు నాటికి 10,000 మందికి ఒకరి కంటే తక్కువ స్థాయికి తగ్గింది. అప్పటికి ఆ స్థాయిని అందుకోని రాష్ట్రాలలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. తరువాతి సంవత్సరాలలో కూడా ఇక్కడ రోగుల నిష్పత్తి దేశ సగటు కంటే ఎక్కువగానే నమోదైంది. ఈ వ్యాధిపై శిక్షణ, పరిశోధనల కోసం రాయ్‌పూర్‌లోని లాల్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ సంస్థ ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సలో రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్ వాడతారు. వ్యాధి రకాన్ని బట్టి 6 నెలలు లేదా 12 నెలలు మందులు వాడాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఇవి ఉచితం. మందులు బాక్టీరియాను చంపుతాయి. కాని చాలాకాలం క్రితం నశించిన నాడిని తిరిగి తేలేవు. నాడి కొత్తగా దెబ్బతిన్నప్పుడు, ముఖ్యంగా 6 నెలల లోపల, డాక్టరు పర్యవేక్షణలో వేరే మందులు వాడితే శక్తి తిరిగి వచ్చే అవకాశం ఉంది. అందుచేత ఆలస్యం చేయరాదు.

14.6 చేసి చూడండి

మీ ఇంటిలో ఎవరికైనా చర్మంపై పాలిపోయిన లేదా ఎర్రని మచ్చ ఉంటే, దూదిని సన్నని పోగులా చేయండి. ముందుగా మచ్చ లేని చోట తాకించి చూపండి. తరువాత వారిని కళ్ళు మూసుకోమని, మచ్చపై మెల్లగా తాకించండి; రుద్దవద్దు. తాకిన చోటును వేలితో చూపమనండి. చూపలేకపోతే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి. ప్రతి మచ్చా కుష్ఠువ్యాధి కాదు, నిర్ధారించవలసినది డాక్టరే.

14.7 సంగ్రహం

గ్లియా కణాలు నాడీకణాలను పోషిస్తాయి, రక్షిస్తాయి, వాటికి తొడుగునిస్తాయి. పరిధీయ నాడులలో తొడుగునిచ్చేవి ష్వాన్ కణాలు. కుష్ఠువ్యాధి బాక్టీరియా వీటిలోనే చేరుతుంది. స్పర్శ పోవడం దీనికి ముఖ్యమైన తొలి గుర్తు.

14.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మెదడులో శుభ్రపరిచే పని చేసే గ్లియా కణాలు ఏవి?
2. రాన్వియర్ కణుపు అంటే ఏమిటి?
3. కుష్ఠురోగి చేతికి కాలిన గాయాలు ఎందుకు ఎక్కువ?

జవాబులు: 1. మైక్రోగ్లియా. 2. రెండు ష్వాన్ కణాల మధ్య మైలిన్ లేని సన్నని ఖాళీ. 3. నాడి దెబ్బతినడం వల్ల వేడి, నొప్పి తెలియవు. అందుచేత చేయి వెనక్కు తీసుకోరు.