రస్ట్ నేర్చుకుంటున్నారా? 4వ అధ్యాయంలో ఆగిపోకండి!

పైథాన్, జావా బాగా వచ్చినవాళ్లు కూడా ‘ది రస్ట్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ పుస్తకంలో 4వ అధ్యాయం, అంటే ఓనర్‌షిప్ దగ్గరే పక్కన పెట్టేస్తుంటారు. నిజానికి విషయం చిన్నదే. ఒక స్ట్రింగ్‌కి ఒక్కరే ఓనర్. ఎస్1లో ఉన్నదాన్ని ఎస్2కి ఇచ్చేశాక, మళ్లీ ఎస్1ని ప్రింట్ చేయమంటే కంపైలర్ ఒప్పుకోదు. బండి అమ్మేశాక తాళం మనదంటే కుదరదుగా! కాసేపు నడిపి ఇచ్చేస్తానంటే మాత్రం ఓకే, అదే బారోయింగ్. గార్బేజ్ కలెక్టర్ లేకుండానే మెమరీ భద్రంగా ఉండేది ఈ లెక్కతోనే.

నేనైతే ప్రతి ఉదాహరణనీ కాపీ కొట్టకుండా టైప్ చేశా. కావాలనే ఒక లైన్ మార్చి, ఏ ఎర్రర్ వస్తుందో ముందే రాసుకున్నా. వాల్యూ ఏ లైన్‌లో చేతులు మారిందో కంపైలరే చూపిస్తుంది. నా ఊహ, దాని జవాబు కలిశాకే 5వ అధ్యాయం తెరిచా.

పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితం. ఇవాళే ఒక ప్రోగ్రామ్ చెడగొట్టి చూడండి!