పాత తలుపుకు కొత్త రూపం: పెచ్చులూడే రంగుతో జాగ్రత్త

పాత చెక్క ఇల్లు విప్పి సిమెంటు ఇల్లు కట్టుకునేటప్పుడు ద్వారబంధాలు, కిటికీ రెక్కలు, పలకలు మిగులుతాయి. వాటిని అలమరలుగా, అద్దాల చట్రాలుగా, గోడ అలంకరణలుగా మలచుకోవచ్చు. దక్షిణ అండమాన్‌లోని ఫెరార్గంజ్ వంటి చోట ఇది సరదా మాత్రమే కాదు, పొదుపు కూడా. అయితే చెక్క ఎంత విలువైనదైనా, దాని మీది పాత రంగు హానికరం కావచ్చు.

కలప ఎందుకు విలువైనది?

అండమాన్ కలపల్లో పేరున్నది పడౌక్. శేషాచలం కొండల ఎర్రచందనం, ఈ పడౌక్ రెండూ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. పడౌక్ ఎర్రని చేవకు చెదలు, బూజు తొందరగా పట్టవు. 1883లో మొదలైన చాతం రంపపు మిల్లు ఎన్నో దశాబ్దాలు దీవుల కలపను కోసి అందించింది. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వులు ఇక్కడ చెట్ల నరికివేతను గట్టిగా కట్టడి చేశాయి. పాత పలకను మళ్లీ వాడితే ఆ మేరకు అడవి మీద భారం తగ్గుతుంది.

మరో లాభం కూడా ఉంది. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. 10 కిలోల తలుపు రెక్కను కాల్చేస్తే సుమారు 18 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అది ఇంట్లో వస్తువుగా ఉన్నంతకాలం ఆ కార్బన్ చెక్కలోనే ఉంటుంది.

తేమ లెక్క

ఎండిన చెక్క కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉండే దీవుల్లో, 100 గ్రాముల పొడి చెక్క దాదాపు 16 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అదే చెక్కను తేమ 50 శాతం ఉండే ఏసీ గదిలో పెడితే అది 9 గ్రాములకు తగ్గుతుంది. అప్పుడు చెక్క ముడుచుకుని అతుకులు విడతాయి, పగుళ్లు వస్తాయి. అందుకే వస్తువు ఉంచబోయే గదిలోనే చెక్కను కొన్ని వారాలు ఆరనిచ్చి, ఆ తరువాతే కోయాలి. సన్నని రంధ్రాల నుంచి పొడి రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్టే. అలాంటి ముక్కను మిగతావాటితో కలపకూడదు.

అందంగా కనిపించే ప్రమాదం

పెచ్చులూడిన పాత రంగు కొందరికి అందం. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒకప్పుడు పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ రంగుల్లో సీసం సమ్మేళనాలను విరివిగా కలిపేవారు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో ఇంకా ఎక్కువ ఉండవచ్చు.

గరుకు కాగితంతో పొడిగా రుద్దితే సీసం ధూళిగా లేస్తుంది. అది నేల మీద, బొమ్మల మీద పడి పిల్లల చేతుల ద్వారా నోట్లోకి చేరుతుంది. సీసం ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు హాని లేదని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

పరీక్ష చేయించే వీలు లేకపోతే, పాత రంగులో సీసం ఉందనే అనుకోవాలి. మంటతో కాల్చి రంగు తీయకూడదు. తడిపి, ఇంటి బయట, మంచి మాస్కు పెట్టుకుని గోకాలి. రాలిన పెచ్చులను ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచి, సంచిలో మూటకట్టాలి. రంగు అంటిన ముక్కలను వంటపొయ్యిలో పెట్టకూడదు. పెచ్చులూడని రంగైతే గోకకుండా పైన కొత్త పూత వేస్తే సరిపోతుంది. పిల్లల మంచానికి, బొమ్మల అలమరకు మాత్రం ఎప్పుడూ రంగు వేయని చెక్కనే ఎంచుకోవడం మేలు.