ఒకే ప్రాజెక్టు, రెండు లెక్కలు

ఎడిటర్ తెర మీద ఒక్క ఎర్ర గీత లేదు. ప్రోగ్రామరు తన మార్పును సర్వర్‌కి పంపించి టీకి లేస్తాడు. తిరిగొచ్చేసరికి కబురు సిద్ధంగా ఉంటుంది: బిల్డ్ ఫెయిల్. 'నా మెషీన్‌లో బాగానే వస్తోందండీ' అంటాడు. టీమ్ లీడ్ నమ్మడు. నిజానికి నమ్మొచ్చు. ఆ ప్రాజెక్టును అతని ఎడిటర్ ఒకలా, సర్వర్‌లో ఉన్న బిల్డ్ టూల్ ఇంకోలా అర్థం చేసుకున్నాయి. ఎవరి లెక్క ప్రకారం వాళ్లది సరిగ్గానే ఉంది.

మనుషులు రాసిన కోడ్‌ను కంపైల్ చేసి, కావలసిన లైబ్రరీలు జతచేసి, టెస్టులు నడిపి, చివరికి ఒక ప్యాకేజీగా కట్టే పనంతటికీ కలిపి బిల్డ్ అని పేరు. ప్రాజెక్టు పెరిగేకొద్దీ అంతా ఒకే ముద్దగా ఉంచితే కుదరదు, మాడ్యూళ్లుగా విడగొడతారు. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ను తీసుకుంటే ఖాతాలది ఒక మాడ్యూల్, వడ్డీ లెక్కది ఇంకొకటి, ఎస్సెమ్మెస్‌లు పంపేది మరొకటి, వీటన్నిటినీ వాడుకునే వెబ్‌సైట్ వేరొకటి. ఎక్కడ కోయాలన్న ప్రశ్నకు డేవిడ్ పార్నాస్ 1972లో రాసిన పరిశోధన పత్రాన్ని మించిన సమాధానం ఇప్పటికీ లేదని నా అభిప్రాయం. పని జరిగే వరసను బట్టి విడగొట్టొద్దు, రేపు మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయం ఒక్కో మాడ్యూల్ లోపల దాగి ఉండేలా విడగొట్టండి అన్నాడాయన. వడ్డీ సూత్రం మారితే వడ్డీ మాడ్యూలే మారాలి. వెబ్‌సైట్‌కు ఆ ఊసే తెలియనక్కర్లేదు.

విడగొట్టగానే వరస ప్రశ్న వస్తుంది. ఖాతాల మాడ్యూల్ తయారైతేగాని వడ్డీది కంపైల్ కాదు, అవి రెండూ లేనిదే వెబ్‌సైట్ లేదు. ఏది దేని మీద ఆధారపడిందో బాణాలు గీసుకుంటూ పోతే, ఎక్కడా చుట్టు తిరిగి బయల్దేరిన చోటికి రాకూడదు. ఆ బొమ్మను చూసి వరస తేల్చడమే బిల్డ్ టూల్ మొదటి పని.

ఈ టూల్స్‌లో వయసులో పెద్దది 'మేక్'. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. దాని పుట్టుక వెనక ఒక సహోద్యోగి కోపం ఉంది. స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా తప్పు వెతుకుతూ కూర్చున్నాడట. తీరా చూస్తే కోడ్‌లో తప్పు అప్పటికే దిద్దేసి ఉంది, దిద్దిన ఫైలును మళ్లీ కంపైల్ చేయడమే మరిచారు. ఫైళ్ల మార్పు సమయాలను పోల్చి, పాతబడినవాటినే మళ్లీ కంపైల్ చేసే పనిని ఫెల్డ్‌మన్ యంత్రానికి అప్పగించాడు. ఒక ఫోల్డర్‌కి అది దివ్యంగా పనిచేసింది. ఫోల్డర్లు పెరిగాక జనం ఒక్కోదానికి ఒక్కో మేక్‌ఫైల్ రాసి, పైదాని చేత కిందివాటిని పిలిపించారు. అలా చేస్తే పూర్తి బొమ్మ ఎవరికీ కనబడదని, అందుకే కొన్ని కంపైల్ కాకుండా మిగిలిపోతాయని, మరికొన్ని అనవసరంగా మళ్లీ మళ్లీ అవుతాయని పీటర్ మిల్లర్ 1998లో ఒక పత్రంలో విప్పి చెప్పాడు.

అన్నాళ్లూ చాలా ఎడిటర్లకు ఈ గొడవ పట్టలేదు. వాటికి తెలిసింది అక్షరాలే. 2001లో కథ మారింది. జనవరిలో జెట్‌బ్రెయిన్స్ వాళ్ల ఇంటెలిజె, నవంబరులో ఐబీఎం ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన ఎక్లిప్స్ అనే ఎడిటర్లు వచ్చాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో జావా నేర్చుకున్న ఒక తరానికి ఎక్లిప్స్ అంటే జావా, జావా అంటే ఎక్లిప్స్. ఒక ఫంక్షన్ పేరు మారిస్తే వంద ఫైళ్లలో మారాలన్నా, ఒక పేరు మీద నొక్కితే అది పుట్టిన చోటికి వెళ్లాలన్నా ఎడిటర్‌కు అక్షరాలు తెలిస్తే చాలదు. కోడ్ ఏ ఫోల్డర్‌లో ఉంది, లైబ్రరీలు ఏవి, జావా ఏ వెర్షన్ అన్నవీ తెలియాలి. ఆ సంగతులు ఎక్లిప్స్ తన 'డాట్ క్లాస్‌పాత్' ఫైల్లో రాసుకుంది, ఇంటెలిజె తన 'ఐఎంఎల్' ఫైళ్లలో రాసుకుంది. బిల్డ్ టూల్ దగ్గర అవే సంగతులు అప్పటికే ఉన్నాయి. ఒకే పండక్కి రెండు పంచాంగాలు రెండు తేదీలు చెప్పినట్టు, గొడవ ఇక్కడ మొదలైంది.

అన్నిటికన్నా ముదిరిన గొడవ ఫోల్డర్ల గురించి. మావెన్ అనే బిల్డ్ టూల్‌కి (2004లో మొదటి వెర్షన్, 2005లో రెండోది) ఒక పద్ధతి ఉంది. పైన తల్లి ఫోల్డర్, అందులో 'పామ్' అనే వివరాల ఫైలు, దాని లోపల పిల్ల మాడ్యూళ్ల ఫోల్డర్లు. ప్రతి పిల్లా తల్లి కోసం ఒక మెట్టు పైకి చూస్తుంది, వేరే చెప్పకపోతే మావెన్ అలవాటు అది. ఎక్లిప్స్‌కేమో ప్రాజెక్టులన్నీ వర్క్‌స్పేస్‌లో పక్కపక్కన ఒకే వరసలో ఉంటేనే సుఖం. ఒక ప్రాజెక్టు కడుపులో ఇంకో ప్రాజెక్టు దానికి మింగుడు పడేది కాదు. దాంతో చాలా టీములు ఎడిటర్‌కి తలవంచి, తల్లి ఫోల్డర్‌ను కూడా పిల్లల పక్కనే కూర్చోబెట్టి, ప్రతి పామ్‌లోనూ 'పైకి వెళ్లి పక్క గదిలోకి రా' అన్నట్టు దారులు రాసుకున్నాయి. బిల్డ్ నడిచేది. కానీ కొత్తగా చేరినవాడికి ఏది పైది, ఏది కిందిదో ఫోల్డర్లు చూసి తెలిసేది కాదు. ఎడిటర్ సౌకర్యం కోసం ప్రాజెక్టు ఆకారాన్నే మార్చడం నాకెప్పుడూ తిరగబడ్డ వ్యవహారంగానే తోచింది.

రెండో పేచీ మరింత సూక్ష్మం. మావెన్ దగ్గర అసలు కోడ్ వేరు, టెస్టుల కోడ్ వేరు. టెస్టులకు మాత్రమే వాడే లైబ్రరీ అసలు కోడ్‌కు కనబడదు. ఎక్లిప్స్‌లో ఒక ప్రాజెక్టుకు చాలాకాలం లైబ్రరీల జాబితా ఒక్కటే. అసలు కోడ్‌లో పొరపాటున టెస్టు లైబ్రరీని వాడినా అది కిమ్మనేది కాదు. సర్వర్‌లో మావెన్ పట్టేసేది. మనం మొదట్లో చూసిన 'బిల్డ్ ఫెయిల్' వెనక ఇలాంటివే ఎక్కువ. 2018లో వచ్చిన ఫోటాన్ వెర్షన్‌తో ఎక్లిప్స్ ఈ తేడాను గుర్తించడం నేర్చుకుంది. దీనికి తోడు ఎక్లిప్స్ తన సొంత కంపైలర్‌తో కోడ్ చదువుతుంది, మావెన్ మామూలుగా జావాతో వచ్చే 'జావాక్‌'ను పిలుస్తుంది. జెనెరిక్స్ దట్టంగా ఉన్న చోట ఈ రెండూ అప్పుడప్పుడూ ఏకీభవించవు.

పరిష్కారం చెప్పడం తేలికే. బిల్డ్ ఫైలు చెప్పిందే ఖాయం, ఎడిటర్ దాన్ని చదువుకోవాలి. మొదట్లో మావెన్‌కే ఒక ప్లగిన్ రాసి, ఎక్లిప్స్ ఫైళ్లను దానితో పుట్టించేవారు. పామ్ మారినప్పుడల్లా ఆ కమాండ్ మళ్లీ నడపాలి, అదెవరికి గుర్తుంటుంది? తర్వాత ఎడిటర్లే పామ్‌ను నేరుగా చదవడం మొదలుపెట్టాయి. పామ్ వివరాలు రాసిన పట్టిక లాంటిది కాబట్టి ఇది సాధ్యమైంది. గ్రాడిల్ అనే మరో బిల్డ్ టూల్ దగ్గర చిక్కు వచ్చింది. దాని బిల్డ్ ఫైలు పట్టిక కాదు, ఒక ప్రోగ్రామ్. నడిపి చూస్తేగాని అందులో ఎన్ని మాడ్యూళ్లున్నాయో తేలదు. 2013లో గూగుల్ ప్రకటించిన ఆండ్రాయిడ్ స్టూడియో గ్రాడిల్‌నే నమ్ముకుంది. అందులో 'సింక్' నొక్కి గుండ్రంగా తిరిగే బొమ్మను చూస్తూ కూర్చోవడం ఆండ్రాయిడ్ ప్రోగ్రామర్లందరికీ అనుభవమే. ఆ సమయమంతా ఎడిటర్, 'ఇంతకీ నీ ప్రాజెక్టు ఏమిటి?' అని గ్రాడిల్‌ను అడుగుతోందన్నమాట.

అడిగే పద్ధతికీ ఒక ఒప్పందం ఉండాలి కదా. పది ఎడిటర్లు, పది బిల్డ్ టూల్స్ ఉంటే వంద జతలకు వంద ప్లగిన్లు రాయాలి. భాషల వైపు ఉన్న ఇలాంటి చిక్కుకే 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను ప్రకటించాయి. భాష తెలిసిన సర్వర్ ఒకటుంటే ఏ ఎడిటరైనా దాన్నే అడగొచ్చు. వీఎస్ కోడ్‌లో జావా రాస్తుంటే వెనక నుంచి జవాబిచ్చేది ఎక్లిప్స్ ఇంజినే అని చాలామందికి తెలియదు. బిల్డ్ సంగతులకు ఇలాంటిదే బిల్డ్ సర్వర్ ప్రోటోకాల్ 2018లో స్కాలా భాష వాళ్ల నుంచి, జెట్‌బ్రెయిన్స్ నుంచి వచ్చింది. సీ ప్లస్ ప్లస్‌లో అంత హంగామా లేదు. ఏ ఫైలును ఏ కమాండ్‌తో కంపైల్ చేశారో సీమేక్ అనే టూల్ అడిగితే ఒక జాబితా రాసిపెడుతుంది, ఎడిటర్ అది చదువుకుంటుంది.

ఆచరణలో నేను పట్టుబట్టేవి కొన్నే. ఎడిటర్ పుట్టించిన ఐఎంఎల్, క్లాస్‌పాత్ ఫైళ్లు గిట్‌లోకి పోకూడదు, అవి ఎప్పుడైనా మళ్లీ పుడతాయి. లైబ్రరీ వెర్షన్లు తల్లి పామ్‌లో ఒక్కచోటే రాయాలి. లేకపోతే ఒక మాడ్యూల్ పాతది, ఇంకోటి కొత్తది పట్టుకుని కూర్చుంటాయి. కొత్తగా చేరినవాడు ఎడిటర్ తెరవకముందే కమాండ్ లైన్‌లో మొత్తం ప్రాజెక్టును బిల్డ్ చేయగలగాలి. అది కాకపోతే ఎడిటర్‌లో ఎంత పచ్చగా ఉన్నా ప్రాజెక్టు ఆరోగ్యంగా లేనట్టే.

ఏ టూలూ తీర్చలేనిది ఒకటుంది. వడ్డీ మాడ్యూల్‌కు ఎస్సెమ్మెస్ మాడ్యూల్ కావాలి, దానికి తిరిగి వడ్డీ మాడ్యూల్ కావాలి అనుకోండి. మావెన్ బిల్డ్ మొదలు పెట్టనే పెట్టదు. ఎక్లిప్స్‌లో అయితే ఆ తప్పును హెచ్చరిక స్థాయికి దించుకునే సెట్టింగ్ ఉంది. తొందరలో ఉన్నవాళ్లు దాన్ని దించేస్తారు, గొడవ సర్వర్ దాకా వాయిదా పడుతుంది. చేయవలసింది ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ముక్కను, బహుశా 'ఖాతాదారుకు ఏం చెప్పాలి' అన్న నిర్వచనాన్ని, బయటికి తీసి మూడో మాడ్యూల్‌గా పెట్టడం. ఆ ముక్క ఏదో గుర్తుపట్టాలంటే మాత్రం బ్యాంకు పని తెలిసినవాళ్లతో కూర్చుని మాట్లాడాల్సిందే.