పాత కారు, కొత్త పెట్రోలు

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కోసం తయారైన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. 1911లో ఆయన కన్నుమూశాక నగరానికి చేరిన ఆ బండి ఇన్నేళ్లలో తిరిగిన దూరం చాలా తక్కువ. అటువంటి బండిని పునరుద్ధరించేవారి లక్ష్యం ఒక్కటే, తయారైననాటి రూపం. 1970ల నాటి అంబాసిడర్‌ను బాగుచేసుకుని రోజూ ఉప్పల్ నుంచి మాదాపూర్‌కో, గాజువాక నుంచి మధురవాడకో ఆఫీసుకు వెళ్లదలచిన మనిషి లక్ష్యం వేరు. ఆ బండి మే నెల ఎండలో సిగ్నళ్ల దగ్గర ఆగాలి, వానలో లైట్లు వేసుకుని కదలాలి, దారిలో తగిలిన బంకులో పోసే పెట్రోలుతోనే నడవాలి. ఈ రెండో పని మొదటిదానికంటే కష్టమైనదని, శాస్త్రదృష్టితో చూస్తే మరింత ఆసక్తికరమైనదని నా అభిప్రాయం.

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర దాని తయారీ మొదలుపెట్టి 2014 మే వరకు కొనసాగించింది. 1990లలో ఇసుజు ఇంజను వచ్చేదాకా పెట్రోలు అంబాసిడర్లను దశాబ్దాల తరబడి నడిపింది 1,489 సీసీ బీఎంసీ ఇంజనే. బండి పెద్దగా మారలేదు. పెట్రోలు కూర్పు మారింది, ఇంజన్ ఆయిల్ రసాయనం మారింది, రోడ్ల మీద వేగం మారింది. అందుకే రోజువారీ వాడకానికి బండిని 'అచ్చం పాతలాగే' తయారుచేస్తే అది ఈనాటి పరిస్థితులకు సరిపోదు. పైకి కనిపించే రూపం పాతదిగా ఉంచి, కనిపించని చోట ఏమేం మార్చాలో నిర్ణయించుకోవడమే అసలు పని.

చట్టం సంగతి ముందే తెలుసుకోవాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ తర్వాత 50 ఏళ్లు దాటి, మౌలికంగా మార్పులు చేయని బండికి 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. అయితే ఆ నంబరు తీసుకున్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప మామూలు రాకపోకలకు వాడకూడదు. కాబట్టి రోజూ నడపదలచినవారు ఆ గౌరవాన్ని వదులుకుని, పాత ఆర్‌సీనే ఫిట్‌నెస్ పరీక్షతో ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

ఇక ఇంజను. 1921 డిసెంబరులో అమెరికాలోని జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీ, టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని కొద్దిగా కలిపితే పెట్రోలు ఇంజనులో టకటకమనే 'నాకింగ్' తగ్గుతుందని కనుగొన్నాడు. అప్పటినుంచి ప్రపంచమంతటా కార్లు దశాబ్దాలపాటు సీసాన్ని గాలిలోకి వదిలాయి. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నాటికి సీసం కలిపిన పెట్రోలు పూర్తిగా పోయింది. పిల్లల ఆరోగ్యానికి అంతకన్నా మేలు చేసిన ఇంధన నిర్ణయం మరొకటి ఉందనుకోను. కానీ పాత ఇంజనులో సీసం మరో పని కూడా చేసేది. బీఎంసీ ఇంజనులో వాల్వ్ కూర్చునే సీట్లను విడిగా బిగించలేదు, పోత ఇనుప సిలిండర్ హెడ్‌లోనే చెక్కారు. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వ్ విపరీతమైన వేడిలో నిమిషానికి వెయ్యిసార్లకు పైగా ఆ సీటు మీద వచ్చి పడుతుంది. అంత వేడిలో, అంత ఒత్తిడిలో ఇనుము అక్కడక్కడా సూక్ష్మంగా వాల్వ్‌కు అతుక్కుంటుంది. వాల్వ్ లేచినప్పుడు ఆ కణాలు చిరిగి వస్తాయి. సీసం మండగా మిగిలిన లవణాల పలుచని పొర ఈ అతుకును అడ్డుకునేది. ఆ పొర లేకపోతే సీటు అరిగి, వాల్వ్ కొద్దికొద్దిగా హెడ్‌లోకి దిగిపోతుంది.

దీన్ని కనిపెట్టడం సులువు. మామూలు అరుగుదలతో ట్యాపెట్ సందు, అంటే వాల్వ్ కొనకూ దాన్ని తొక్కే రాకర్‌కూ మధ్య ఎడం, పెరుగుతుంది. సీటు దిగిపోతుంటే ఆ సందు తగ్గుతూ వస్తుంది. ప్రతి సర్వీసులోనూ ఎగ్జాస్ట్ వైపు సందు తగ్గుతున్నట్టు ఫీలర్ గేజ్ చూపిస్తే హెడ్ విప్పే సమయం వచ్చినట్టే. నిర్లక్ష్యం చేస్తే వాల్వ్ పూర్తిగా మూసుకోక, మంట సందులోంచి దూసుకుపోయి అంచు కాలిపోతుంది. మంచి లేత్ షాపులో పాత సీటును తొలిచి, గట్టి మిశ్రలోహపు రింగులను బిగుతుగా దించితే ఈ బాధ శాశ్వతంగా తీరుతుంది. అయితే ఊళ్లో 40 కిలోమీటర్ల వేగంతో తిరిగే బండికి ఈ అరుగుదల చాలా నెమ్మది. హైవే మీద గంటల తరబడి ఎక్కువ చుట్లతో నడిస్తేనే వేగం పుంజుకుంటుంది. అందుచేత వేరే కారణంతో హెడ్ దించినప్పుడే ఈ పనీ చేయించడం మంచిది. తొలిచేటప్పుడు జాగ్రత్త అవసరం, సీటు వెనకే నీళ్ల గది ఉంటుంది. ఎక్కువ తొలిస్తే హెడ్డే పోతుంది.

సీసం పోయిన చోటికి ఇప్పుడు ఇథనాల్ వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొద్ది బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతటికీ పాకింది. పాత కారుకు ఇది మూడు విధాల పరీక్ష.

మొదటిది గాలి లెక్క. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంది గనుక దానికి 9 కిలోలు చాలు. ఇ20 మిశ్రమానికి ఆ లెక్క 13.5 దగ్గర తేలుతుంది. కొత్త కార్లలో పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను పసిగట్టి ఇంధనం పెంచుతుంది. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్ రంధ్రం ఎంత ఉంటే అంతే వదులుతుంది. ఫలితంగా మిశ్రమం 8 శాతానికి పైగా పలచబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి తడబడటం, చల్లటి ఇంజను మొరాయించడం దీని లక్షణాలు. మందు పెద్దది కాదు. రంధ్రం వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, జెట్ వ్యాసం 4 శాతం పెరిగితే చాలు. అంత సూక్ష్మమైన తేడాను సూదితో కెలికి సాధించలేము, సరైన సైజు జెట్ తెచ్చి వేయాల్సిందే. లీటరు ఇథనాల్‌లో శక్తి తక్కువ కనుక మైలేజీ 6, 7 శాతం తగ్గడం మాత్రం ఏ జెట్టూ ఆపలేనిది.

రెండోది రబ్బరు. ఆనాటి పెట్రోలు పైపులు, పంపులోని డయాఫ్రమ్, గ్యాస్కెట్లు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అవి ఇథనాల్‌ను పీల్చుకుని ఉబ్బి మెత్తబడతాయి, ఎండినప్పుడు పగులుతాయి. వేడి ఇంజను మీద కారే పెట్రోలు పైపు ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ఫ్లోరిన్ కలిసిన కృత్రిమ రబ్బరు, అంటే వైటాన్ రకం, దీన్ని తట్టుకుంటుంది. బండి కొన్న మొదటి వారంలోనే ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా ప్రతి పైపునూ మార్చించడం నా లెక్కలో రంగు కంటే, సీటు కవర్ల కంటే ముందు చేయాల్సిన పని.

మూడోది నీరు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కోస్తా జిల్లాల్లో నెలల తరబడి కదలని బండి ట్యాంకులో ఈ తేమ హద్దు దాటితే, నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజనుకు ఇంధనం తోడే గొట్టం ఉండేదీ అడుగునే, పాత ఉక్కు ట్యాంకు తుప్పు పట్టడం మొదలయ్యేదీ అక్కడే. దానికితోడు ఏళ్లుగా ట్యాంకు గోడలకు పట్టిన జిగురును ఇథనాల్ కరిగించి ఫిల్టర్‌కు చేరుస్తుంది. కొత్తలో ఫిల్టర్ తరచూ మార్చాల్సి వస్తే బెంబేలు పడనక్కరలేదు.

ఆయిల్ గురించి ఒక్క మాట. ఖరీదైన సరికొత్త ఆయిల్ పాత ఇంజనుకు మేలు చేస్తుందనుకోవడం పొరపాటు. పాత ఇంజనులో క్యామ్ నేరుగా చదును ట్యాపెట్ మీద రాపాడుతుంది. ఆ రాపిడిని కాచేది జింకు, ఫాస్ఫరస్ ఉన్న ఒక సంకలితం. ఆ ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్లను పాడుచేస్తుందని కొత్త పెట్రోలు కార్ల ఆయిళ్లలో దాన్ని తగ్గించారు. జింకు తగినంత ఉన్న 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలే ఈ బండికి తగినది.

వేడి దగ్గర మన షెడ్లలో పాతుకుపోయిన అలవాటు ఒకటుంది. బండి వేడెక్కుతోందంటే మొదట థర్మోస్టాట్ పీకేస్తారు. దానితో ఇంజను ఎప్పుడూ సరైన వేడికి చేరదు, పెట్రోలు సరిగా ఆవిరి కాక సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, అరుగుదల పెరుగుతుంది. రోగం సాధారణంగా వేరే చోట ఉంటుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. రేడియేటర్‌లో ఏళ్లతరబడి ఆ నీళ్లే పోస్తే వేడికి సున్నపు పొర కడుతుంది. ఆ పొర ఇనుముతో పోలిస్తే వేడిని అతి తక్కువగా పోనిస్తుంది. రేడియేటర్‌ను విప్పి శుభ్రం చేయించి, ఖనిజాలు తీసేసిన నీటిలో సగానికి సగం కూలెంట్ కలిపి పోయాలి. మన దగ్గర నీరు గడ్డకట్టదు కదా, కూలెంట్ ఎందుకని అడిగేవారున్నారు. అది మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, లోపల తుప్పును ఆపుతుంది. మనకు కావలసినవి ఆ రెండే. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ఇంజనుతోపాటే ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది కనుక, అదనంగా ఒక ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించడం సమంజసమే.

బ్రేకుల దగ్గర మాత్రం 'అసలు రూపం' అనే మోజును పూర్తిగా పక్కనపెట్టాలి. నలుగురు ఎక్కిన అంబాసిడర్ బరువు సుమారు 1,400 కిలోలు అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో దాని గతిశక్తి దాదాపు 345 కిలోజౌళ్లు. అంటే ఒక్కసారి బ్రేకు వేసి ఆపితే లీటరు నీటిని మరిగించేంత వేడి నాలుగు డ్రమ్ముల్లో పుడుతుంది. అనంతగిరి ఘాటులో శృంగవరపుకోట వైపు దిగుతూ బ్రేకు మీదే ఆధారపడితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు తప్పుతుంది, బ్రేక్ ఆయిల్‌లో బుడగలు లేస్తాయి. డాట్ 3 ఆయిల్ కొత్తలో 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం అందుకే. ఆ కాలపు బళ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే హైడ్రాలిక్ వలయం ఉండేది. ఒక్క పైపు పగిలితే పెడల్ నేలకు తగులుతుంది. ముందు వెనక చక్రాలకు వేర్వేరు వలయాలున్న టాండెమ్ మాస్టర్ సిలిండర్ పెట్టించడం నేను తప్పనిసరి అంటాను.

విద్యుత్తు విషయం తేలిక. డైనమో ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. వానాకాలం సాయంత్రం లైట్లు, వైపర్లు వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడితే భారమంతా బ్యాటరీ మీదే పడుతుంది. ఆల్టర్నేటర్ ఈ చిక్కును తీరుస్తుంది. అయితే తొలితరం బళ్లలో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. అది చూసుకోకుండా ఆల్టర్నేటర్ బిగిస్తే అందులోని డయోడ్లు క్షణంలో కాలిపోతాయి.

ఇంత చెప్పాక తుప్పు దగ్గరికి రావాలి. వరుసలో చివరగా చెబుతున్నా, బండి కొనేముందు చూడాల్సింది దీన్నే. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ లేదు, బాడీయే భారం మోస్తుంది. తలుపుల కింద పొడవునా ఉండే బోలు పెట్టెల్లాంటి భాగాల్లో నీరు నిలిచి తుప్పు లోపలినుంచి తింటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలిలోని క్లోరైడ్ అయాన్లు ఆ పనిని వేగిరపరుస్తాయి. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు కలిసే అతుకులో అది పెరిగి రేకులనే విడదీస్తుంది. దాని మీద లప్పం పెట్టి రంగు కొట్టిన బండి ఫోటోలో బాగుంటుంది. చిన్న అయస్కాంతం తీసుకెళ్లి తడిమితే లప్పం ఉన్నచోట అది పట్టదు. తుప్పు తిన్న భాగాన్ని మంచి రేకు వచ్చేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించి, జింకు ప్రైమర్ వేసి, లోపల మైనం చిమ్మించాలి. కోసేముందు తలుపుల చట్రానికి ఆసరా కడ్డీలు వేయకపోతే బాడీ వంగి, ఆ తర్వాత తలుపులు పట్టవు. తుప్పు మీదే నల్లటి అండర్ కోటింగ్ పూయడం అన్నిటికంటే చెడ్డ పని. అది తేమను లోపలే బంధిస్తుంది.

ఇలా తయారైన బండికి వాడకమే సంరక్షణ, అయితే వాడకం తగినంత దూరం ఉండాలి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కితే అది ఆవిరై పొగగొట్టంలోంచి పోతుంది. వీధి చివర కూరగాయల కోసం తీసి ఆపేస్తే కొంత నీరు ఆయిల్‌లో కలిసి, ఆమ్లాలు పుట్టించి బేరింగులను తింటుంది. పది పదిహేను కిలోమీటర్ల ఆఫీసు ప్రయాణం ఈ ఇంజనుకు బాగా నప్పుతుంది.

పర్యావరణం విషయంలో నిజాయితీ అవసరం. ఉన్న బండినే నడిపితే కొత్త బండి తయారీకయ్యే ఉక్కు, శక్తి మిగులుతాయన్నది నిజమే. కానీ అంబాసిడర్ తరం పాత కార్లకు కాలుష్య పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా అనుమతిస్తే, భారత్ స్టేజ్ 2 నుంచి వచ్చిన కార్లకు హద్దు 0.5 శాతం దాటదు. తేడా చాలావరకు క్యాటలిటిక్ కన్వర్టర్‌ది. గాలి, ఇంధనాల నిష్పత్తి సన్నని గీత మీద నిలిస్తే తప్ప కన్వర్టర్ పూర్తిగా పనిచేయదు, కార్బ్యురేటర్ అలా నిలపలేదు. కార్బ్యురేటర్ స్థానంలో ఇంజెక్టర్ బాడీ, పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్, చిన్న కంప్యూటరు పెడితే నిలపవచ్చు. ఇథనాల్ శాతం ఎంత మారినా ఆ కంప్యూటరే సర్దుకుంటుంది కనుక పైన చెప్పిన జెట్ల గొడవ కూడా ఉండదు. ఖర్చు తక్కువేమీ కాదు, అమర్చాక ఆర్‌టీఓ దగ్గర నియమాలు చూసుకోవాలి. శుద్ధవాదులు దీన్ని అపచారం అంటారు. పాత కార్బ్యురేటర్‌ను నూనె రాసి, గుడ్డలో చుట్టి డిక్కీలో దాచుకున్నంతకాలం నాకేమీ అభ్యంతరం కనబడదు.