పాత స్పెక్ట్రమ్‌కు రీసెట్ బటన్: ఎందుకు? ఎలా?

బ్రిటన్‌లో సింక్లెయిర్ సంస్థ 1982లో తెచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. ఆ తొలి మోడల్‌కు ఆన్-ఆఫ్ స్విచ్ లేదు, రీసెట్ బటన్ కూడా లేదు. ప్రోగ్రామ్ బిగుసుకుపోతే ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాల్సిందే. ఒక చిన్న బటన్ బిగిస్తే ఆ తిప్పలు తప్పుతాయి, యంత్రం ఆయుష్షూ పెరుగుతుంది.

బ్రేక్ కీ ఉందిగా, అది చాలదా?

బేసిక్ ప్రోగ్రామ్ నడుస్తున్నంతవరకు చాలు. ఒక్కో ఆదేశం పూర్తయ్యాక బ్రేక్ నొక్కారా లేదా అని బేసిక్ తనే చూసుకుంటుంది. మెషీన్ కోడ్‌లో రాసిన ఆట పగ్గాలు తీసుకున్నాక ఆ చూసేవాళ్లే ఉండరు. రీసెట్ సంగతి వేరు. జెడ్80 ప్రాసెసర్ 26వ పిన్ దగ్గర వోల్టేజీ సున్నాకు దిగితే దాన్ని ఏ ప్రోగ్రామూ ఆపలేదు. ప్రాసెసర్ చేస్తున్న పని అక్కడే వదిలేస్తుంది. ఆ పిన్ మళ్లీ పైకి లేవగానే సున్నా చిరునామా నుంచి మొదలుపెడుతుంది. అక్కడ ఉన్నది రోమ్. అది మెమరీని పరీక్షించి, తుడిచి, తెర అడుగున 1982 కాపీరైట్ వాక్యం చూపిస్తుంది. ఆటను మాత్రం క్యాసెట్ నుంచి మళ్లీ ఎక్కించుకోవాలి.

ప్లగ్గు పీకితే నష్టమేమిటి?

ఇందులోని మొదటి 16 కిలోబైట్ల మెమరీ 4116 రకం చిప్‌లలో ఉంటుంది. వాటికి +5, +12, -5 అని మూడు వోల్టేజీలు కావాలి. -5 అందకుండా +12 మాత్రం అందితే చిప్‌లు కాలిపోవచ్చు. బోర్డు మీది చిన్న కన్వర్టర్ అడాప్టర్ ఇచ్చే 9 వోల్టుల నుంచి ఈ +12, -5 తయారు చేస్తుంది. ప్లగ్గు గబగబా పీకి పెడుతుంటే సాకెట్ వదులవుతుంది, కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది, ఆ దెబ్బంతా కన్వర్టర్ మీద పడుతుంది.

బటన్ ఎక్కడ కలపాలి?

కొత్త దారి వేయనక్కర్లేదు, బోర్డు మీద అది ముందే ఉంది. రీసెట్ పిన్‌కు, గ్రౌండ్‌కు మధ్య సీ27 అనే 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. 220 కిలోఓముల ఆర్31 రెసిస్టర్ దానికి 5 వోల్టుల నుంచి ఛార్జి అందిస్తుంది. కరెంటు రాగానే కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి అది నిండేదాకా, అంటే సెకనులో కొద్ది భాగం, ప్రాసెసర్ రీసెట్‌లోనే ఆగి ఉంటుంది. ఈ కెపాసిటర్ రెండు కాళ్లను బటన్‌తో కలిపితే నొక్కినప్పుడల్లా అది ఖాళీ అయి, అదే వరస మళ్లీ నడుస్తుంది. సింక్లెయిర్ సంస్థ కూడా 1984లో స్పెక్ట్రమ్ ప్లస్‌కు రీసెట్ బటన్ పెట్టింది.

పని ఎలా చేయాలి?

ముందు ప్లగ్గు తీసేయండి. అడుగున ఉన్న స్క్రూలు విప్పి, పైమూతను నెమ్మదిగా, కొద్దిగా మాత్రమే ఎత్తండి. కీబోర్డు నుంచి బోర్డుకు వచ్చే రెండు పల్చటి రిబ్బన్లు ఏళ్లు గడిచి పెళుసెక్కి ఉంటాయి. మూతను విసురుగా లాగితే అవి విరుగుతాయి. వాటిని సాకెట్ల నుంచి నిటారుగా పైకి తీయండి.

బోర్డు మీద అచ్చువేసిన సీ27 పేరు దొరికాక మల్టీమీటర్‌తో నిర్ధారించుకోండి. దాని ఒక కాలికీ జెడ్80 26వ పిన్‌కూ మధ్య, రెండో కాలికీ 29వ పిన్ గ్రౌండ్‌కూ మధ్య బీప్ వినిపించాలి. అది వినిపించనిదే సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోవద్దు. తర్వాత కెపాసిటర్ కాళ్లకు రెండు సన్నని వైర్లు సోల్డర్ చేసి, రెండో కొసలను పుష్ బటన్‌కు కలపండి. నొక్కితే కలిసి, వదిలితే విడిపోయే రకమే కావాలి. బటన్ కోసం కేసుకు కన్నం పెట్టకండి. వైర్లను వెనక ఉన్న ఖాళీ నుంచి బయటికి తెస్తే చాలు. ఎప్పుడైనా వద్దనుకుంటే యంత్రం యథాతథంగా మిగలాలి.

ఎంతసేపు నొక్కాలి?

ఒక్క నొక్కు చాలు. జెడ్80కి మూడు క్లాక్ సైకిళ్లపాటు రీసెట్ అందితే సరిపోతుంది. 3.5 మెగాహెర్ట్జ్ వేగంలో అందుకు ఒక మైక్రోసెకను కూడా పట్టదు.

ఇక ప్లగ్గు పీకే పనే ఉండదా?

ఉంటుంది. రీసెట్ ప్రాసెసర్‌ను మొదటికి తెస్తుందే కానీ, బోర్డుకు కరెంటు ఆపదు. వెనక ఎడ్జ్ కనెక్టర్‌కు జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ లాంటిది తగిలించాలన్నా, తీయాలన్నా ప్లగ్గు తప్పకుండా తీయండి. పక్కపక్కన ఉన్న రెండు కాంటాక్టులు తగిలితే పోయే చిప్‌లను ఏ బటనూ బతికించలేదు.