యంత్రానికి గుడి కడితే...

దసరా వచ్చిందంటే మన బ్రాంచీల్లో కంప్యూటర్లకూ, నోట్లు లెక్కపెట్టే మిషన్లకూ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతాం. ఇంట్లో కుట్టుమిషనుకూ, స్కూటరుకూ అదే మర్యాద. మనకు అన్నం పెట్టే పనిముట్టుకు ఏడాదికోసారి దండం పెట్టుకోవడం మన అలవాటు. మరి ఆ పనిముట్టే దేవుడై కూర్చుంటే? ఈ ప్రశ్న చుట్టూ ఇంగ్లీషులో రెండు గొప్ప రచనలు వచ్చాయి. రేపటి లోకం ఎలా చెడిపోవచ్చో ఊహించి హెచ్చరించే ఇలాంటి రచనలను 'డిస్టోపియా' సాహిత్యం అంటారు.

ఫోర్డు శకం 632

మొదటిది ఆల్డస్ హక్స్‌లీ నవల 'బ్రేవ్ న్యూ వరల్డ్' (1932). అందులో దేవుడి పీఠం మీద ఉన్నది కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్!

కారణం లేకపోలేదు. ఫోర్డ్ 1908లో 'మోడల్ టి' కారు తెచ్చాడు. 1913లో తన ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. మనిషి నిలబడ్డచోటికే పని వస్తుంది. అతను ఒకే బోల్టు బిగిస్తూ ఉంటాడు. పన్నెండు గంటలకు పైగా పట్టే ఛాసిస్ బిగింపు సుమారు గంటన్నరకు దిగింది. మొదట్లో 850 డాలర్లున్న కారు ధర తర్వాత 300 లోపుకు వచ్చింది. హక్స్‌లీ 1925-26లో భారతదేశం చూసి, ఓడలో అమెరికా వెళుతూ ఫోర్డ్ రాసిన పుస్తకం చదివాడు. ఈ పద్ధతి ఫ్యాక్టరీ గేటు దాటి మనిషి జీవితంలోకి వస్తే ఎలా ఉంటుందన్నదే ఆయన నవల.

ఆ లోకంలో సంవత్సరాలను 'మోడల్ టి' పుట్టిన ఏడాది నుంచి లెక్కపెడతారు. కథ జరిగేది ఫోర్డు శకం 632లో. శిలువల పై కొమ్ములు నరికేసి 'టి' గుర్తులుగా మార్చారు. మనం 'దేవుడా' అనే చోట వాళ్ళు ఫోర్డును తలుస్తారు. పన్నెండు మంది చొప్పున కూడి, ప్రసాదంలా 'సోమ' అనే మత్తుమందు పంచుకుంటారు. ఆ పేరు మన వేదాల్లోని సోమం నుంచి తీసుకున్నదే. పిల్లలు సీసాల్లో, కదిలే బెల్టు మీద తయారవుతారు. ఎవరు అధికారి, ఎవరు కూలీ అన్నది పుట్టకముందే నిర్ణయమైపోతుంది.

ఇంత అన్యాయాన్ని జనం ఎందుకు ఒప్పుకున్నారు? పాత గుర్తులన్నీ ఉన్నచోటే ఉన్నాయి కనుక. శకం ఉంది, చిహ్నం ఉంది, ప్రసాదం ఉంది. మారింది లోపలి దేవుడే. దేవుడి మాటను ప్రశ్నించే అలవాటు మొదటే లేదు.

మాన్యువల్‌కు ముద్దు

రెండోది ఇంకా ముందే వచ్చిన ఇ.ఎం. ఫోర్‌స్టర్ కథ 'ది మెషిన్ స్టాప్స్' (1909). మనుషులు భూమి లోపల, తేనెపట్టు గదుల్లాంటి గదుల్లో ఒంటరిగా బతుకుతుంటారు. మీట నొక్కితే భోజనం, పక్క, సంగీతం. పలకరింపులు తెర మీదే. గదిలో ఉండే పుస్తకం ఒక్కటే: యంత్రం వాడకం చెప్పే మాన్యువల్. వాష్టీ అనే తల్లి దాన్ని కళ్ళకద్దుకున్నట్టు ముద్దుపెట్టుకుంటుంది. యంత్రాన్ని చేసింది మనుషులేనమ్మా అని కొడుకు కూనో చెప్పినా ఆమెకు ఎక్కదు.

కొన్నాళ్ళకు సంగీతంలో గరగర మొదలవుతుంది. స్నానం నీళ్ళు కంపుకొడతాయి. జనం ఫిర్యాదు చేస్తారు. తర్వాత అలవాటు పడతారు. మొత్తం యంత్రం ఎలా నడుస్తుందో తెలిసినవాడు ఒక్కడూ మిగలడు. చివరికి యంత్రం ఆగిపోతుంది, వాళ్ళ లోకమూ కూలిపోతుంది.

మన కౌంటరు దగ్గర

ఈ కథలు మనకు దూరం కాదు. వేళ్ళు అరిగిన ఓ పెద్దాయన పెన్షను కోసం వస్తాడు. మిషను ఆయన వేలిముద్ర గుర్తుపట్టదు. "సిస్టమ్ తీసుకోవడం లేదండీ" అంటాం. అది నిజమే. కానీ ఆ మాటతో ఆయనను తిప్పి పంపేస్తే, ఆ క్షణంలో సిస్టమ్‌ను దేవుణ్ణి చేసినట్టే. "కాసేపు కూర్చోండి, ఇంకో దారి చూద్దాం" అంటే అది మళ్ళీ పనిముట్టు అవుతుంది.

ఆయుధపూజ మర్నాడు మిషను మొరాయిస్తే మనం హారతివ్వం, మెకానిక్కును పిలుస్తాం. ఆ తెలివి పిల్లలకూ అందాలి. ఫోర్‌స్టర్ కథ చిన్నదే. ఈ సెలవుల్లో వాళ్ళతో కలిసి చదవండి. అది కూడా ఫోన్లు పక్కన పెట్టి!