ఎత్తునది జాకీ, మోయునది స్టాండు

బొగ్గుగనిలో పనిచేయువారికి మొట్టమొదట నేర్పబడు నియమమొకటి కలదు. ఆధారము లేని పైకప్పు క్రింద అడుగు పెట్టరాదన్నదే ఆ నియమము. శ్రీరాంపూరు, రామకృష్ణాపూరు, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతములలో ఈ మాట వినని కుటుంబము అరుదు. బొగ్గు తీసిన పిమ్మట పైనున్న రాతిపొర ఎంత గట్టిగా కనబడినను, దానికి ఆధారము నిలిపి, ఆ ఆధారమును పరీక్షించిన తరువాతనే మనుష్యుడు దాని క్రింద పని చేయవలెను. పూర్వము కఱ్ఱదిమ్మెలను నిలిపెడివారు. నేడు పెక్కుచోట్ల పైకప్పులోనికి రంధ్రములు తొలిచి ఉక్కుకడ్డీలను బిగించుచున్నారు. సాధనము మారినది గాని నియమము మారలేదు.

ఇంటి వాకిట నిలిచిన మోటారుకారుకును ఈ నియమమే వర్తించును. ఒకప్పుడు మంచిర్యాలలో కారుగల ఇండ్లు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. నేడు గని కార్మికులు, ఉపాధ్యాయులు, వర్తకులు మున్నగువారి ఇండ్లలో అది సామాన్య వస్తువైనది. సెలవుదినమున నూనె మార్చుకొనుట, సైలెన్సరు బిగింపు చూచుకొనుట, బ్రేకు గొట్టమును పరీక్షించుట వంటి చిన్న పనులను స్వయముగా చేసికొనువారును కలరు. ఇది మెచ్చుకొనదగిన అలవాటే. కాని బండిని జాకీతో ఎత్తి, ఆ జాకీనే నమ్మి, దాని క్రిందికి దూరుట ప్రాణాపాయకరము. గనిలో పైకప్పును గూర్చి అంత జాగరూకతతో మెలగువారు వాకిటిలో ఒక టన్ను ఇనుము క్రింద ఏ ఆధారమును లేక పరుండుట న్యాయమా? ఈ విషయమును కొంత విచారింతము.

మొదట జాకీ ఎట్లు పనిచేయునో తెలిసికొనవలెను. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకును సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దములో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ నిరూపించెను. ఆ సూత్రమును ఆధారముగా గొని, 1795లో ఇంగ్లండు దేశమునందు జోసెఫ్ బ్రామా అను శిల్పి ద్రవబలముతో పనిచేయు ఒత్తుడు యంత్రమునకు పేటెంటు పొందెను. మన నూనె జాకీ ఆ యంత్రపు సంతతిలోనిదే. దానిలో ఒక చిన్న ముషలకమును, ఒక పెద్ద ముషలకమును ఉండును. చిన్నదాని వైశాల్యము 1 చదరపు సెంటిమీటరు, పెద్దదాని వైశాల్యము 20 చదరపు సెంటిమీటర్లు అనుకొందము. చిన్నదానిపై మనము 50 కిలోల బరువు మోపినచో పెద్దది 1000 కిలోలను ఎత్తగలదు. జాకీ పిడి మీటవలె పనిచేసి మన బలమును మరి పది రెట్లు చేసినచో, చేతితో 5 కిలోల బరువు మోపినంత బలము చాలును. ఇందుకు ప్రతిఫలముగా పిడిని పలుమారులు ఆడింపవలసివచ్చును.

ఇంత బరువును ఎత్తిపట్టినది ఏది? సన్నని రబ్బరు వాషరు చాటున నిలిచిన కొద్దిపాటి నూనె. ఆ వాషరు అరిగినను, దించుటకు ఏర్పరచిన మరలో ఇసుక రేణువు చిక్కుకొన్నను నూనె వెనుకకు జారును. ఒక్కొక్కప్పుడు బండి కంటికి తెలియనంత మెల్లగా దిగును. ఒక్కొక్కప్పుడు ఒక్క క్షణములో కూలును. పొరపాటున ఎవరి కాలైనను పిడికి తగిలి మర వదులైనచో ఫలితము అదియే. ఇక బండితోపాటు లభించు మడత జాకీ చక్రము మార్చుటకు మాత్రమే ఉద్దేశింపబడినది. దాని పాదము అరచేయి వెడల్పునకు మించదు. బండి కొంచెము ముందునకు కదలినను అది ప్రక్కకు ఒరిగిపోవును.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. అడ్రియాలవంటి యంత్రీకృత గనులలో, లాంగ్‌వాల్ పద్ధతి యందు, పైకప్పును మోయునవి ద్రవబలపు కాళ్లే కదా, జాకీని మాత్రము ఏల నమ్మరాదని అడుగవచ్చును. అక్కడ ఒకదాని ప్రక్కన ఒకటిగా అనేక ఆధారములు వరుసదీరి నిలిచియుండును. ద్రవము వెనుకకు పోకుండ కాళ్లకు కవాటములు కలవు. బరువు హద్దు మీరినచో మెల్లగా దిగనిచ్చు కవాటములు వేరుగా కలవు. వాటిని కనిపెట్టి చూచు సిబ్బందియు కలరు. మన జాకీకి ఈ రక్షణలన్నియు లేవు. కావున జాకీ పని ఎత్తుటతో ముగియవలెను. మోయుటకు వేరొక సాధనము కావలెను. అదియే జాకీ స్టాండు.

స్టాండులో నూనె లేదు. వాషరు లేదు. వెడల్పైన పాదములు, నడుమ పైకి క్రిందికి జరుగు ఉక్కుకాడ, ఆ కాడను కోరిన ఎత్తున నిలుపు బిగింపు, ఇంతియే దాని నిర్మాణము. బిగింపును బట్టి ఇవి ముఖ్యముగా మూడు రకములు. మొదటిది పండ్లు గల కాడ కలది. కాడను పైకి లాగగా ఒక కొక్కెము పంటిలో పడి దానిని నిలుపును. దీనిని మెకానిక్కులు రాచెట్ రకమందురు. ఇది వాడుకకు సులభము. అయితే కొక్కెము పంటిలో పూర్తిగా కూర్చున్నదో లేదో ప్రతిసారి కన్నుతో చూడవలెను. రెండవది కాడకు వరుసగా రంధ్రములుండి, వానిలో లావైన ఉక్కుపిన్నును దూర్చునది. ఇందు ఎత్తును రంధ్రమునుండి రంధ్రమునకే మార్చగలము గాని, పిన్ను ఉన్నది లేనిది దూరమునుండియే కనబడును. ఆ పిన్నుకు బదులు మేకును, బోల్టును దూర్చరాదు. మూడవది మరచుట్లు గల కాడను త్రిప్పి ఎత్తును సరిచేయునది. కొన్ని మంచి స్టాండ్లలో కొక్కెమునకు తోడు అడ్డుపిన్ను కూడ ఉండును. ఒకటి తప్పినను రెండవది ఆపును గావున అట్టివి శ్రేష్ఠములు.

కొనునప్పుడు చూడవలసిన వానిలో మొదటిది బలము. ఆల్టో వంటి చిన్న కారు 700 నుండి 800 కిలోల వరకు, స్విఫ్ట్ సుమారు 900 కిలోలు, బొలెరో సుమారు 1600 కిలోలు, ఇన్నోవా క్రిస్టా సుమారు 1800 కిలోలు తూగును. ఇంజను ముందున్న చిన్న కార్లలో బరువులో ఎక్కువ పాలు ముందు చక్రములపై పడును. 900 కిలోల కారులో నూటికి 60 వంతులు ముందున్నచో అది 540 కిలోలగును. రెండు స్టాండ్లు దానిని సగము సగము పంచుకొన్నచో ఒక్కొక్కదానిపై 270 కిలోలు పడును. ఈ లెక్క చూచి తక్కువ బలము గలదానిని కొనరాదు. బండి కొంచెము ఒరిగినను, బిగిసిన నట్టును పానాతో గట్టిగా లాగినను బరువు ఒకవైపునకు వాలును. బండి మొత్తము బరువునకు తక్కువ గాని బలము ఒక్కొక్క స్టాండునకు ఉండవలెనని నియమము పెట్టుకొనుట మేలు. చిన్న కార్లకు 2 టన్నులవి, బొలెరో, ఇన్నోవాలకు 3 టన్నులవి తగియుండును.

ఈ టన్ను అను మాటలో రెండు మెలికలున్నవి. కొందరు తయారీదారులు ఒక్క స్టాండు బలమును చెప్పుదురు. మరికొందరు జత బలమును చెప్పుదురు. పెట్టెపై నున్న సంఖ్యతో తృప్తిపడక ఆ సంఖ్య ఒక్కదానిదా, జతదా అని చదువవలెను. రెండవది, అమెరికా కొలత ప్రకారము టన్ను అనగా 2000 పౌండ్లు, సుమారు 907 కిలోలు. మన టన్ను 1000 కిలోలు. కిలోలలో వ్రాసినదానిని నమ్ముట క్షేమము.

సంఖ్య ఒక్కటే చాలదనుటకు 2020లో అమెరికాలో జరిగిన ఉదంతము నిదర్శనము. హార్బర్ ఫ్రైట్ టూల్స్ అను సంస్థ పిట్స్‌బర్గ్ పేరుతో అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను 17 లక్షలకు పైగా వెనుకకు పిలిపించెను. తయారీలో వాడిన అచ్చులు అరిగిపోవుటచే కొన్నిటిలో కొక్కెము పంటిలో సరిగా కూర్చుండక, బరువు పడి కదలినప్పుడు జారిపోవు అవకాశమేర్పడినది. ఆ సంవత్సరమే, వానికి బదులుగా ఇచ్చిన 3 టన్నుల స్టాండ్లలో కొన్నిటికి వెల్డింగు లోపము బయటపడగా వానిని కూడ వెనుకకు తీసికొనిరి. లోపము ఉక్కు బలములో కాదు, కొక్కెమును పంటిని కలుపు చోటను, అతుకులోను ఉన్నది. మనము చూడవలసినదియు ఆ రెండు చోట్లనే.

కావున అంగడిలోనే స్టాండును చేతబట్టి పరీక్షింపవలెను. కాడను పూర్తిగా పైకి లాగి, ప్రతి పంటిలోను కొక్కెము లోతుగా కూర్చున్నదేమో చూడవలెను. కాడను పట్టి ఊపినప్పుడు అది వదులుగా ఆడరాదు. కాళ్లు కలిసిన చోట వెల్డింగు తెగకుండ, బొక్కలు లేకుండ, అన్ని వైపుల సమముగా ఉండవలెను. సమతలమగు బల్లపై నిలిపినప్పుడు నాలుగు పాదములును ఒక్కమారు ఆనవలెను. పాదముల వెడల్పు ఎక్కువైనకొలది స్టాండు ఒరుగుట కష్టమగును. ఆ కారణముచేతనే కాడను అవసరమునకు మించి పైకి లాగరాదు. క్రింద పరుండి చేయి ఆడించుటకు చాలినంత ఎత్తు చాలును.

తరువాత పైనున్న గాడిని చూడవలెను. జీపు, బొలెరో, లారీలకు పొడవైన ఉక్కు ఛాసీ ఉండును. దాని క్రిందగాని ఇరుసు క్రిందగాని గాడి చక్కగా అమరును. చిన్న కార్లకు అట్టి ఛాసీ వేరుగా లేదు. వాని శరీరమే ఛాసీ. తలుపుల క్రింది అంచున, చక్రముల సమీపమున, బలపరచిన చోట్లు మాత్రమే బరువు మోయగలవు. ఆ చోట్లు బండితో వచ్చిన పుస్తకములో బొమ్మతో చూపబడియుండును. ఆ సన్నని అంచు నలగకుండ గాడిపై చీలిక గల రబ్బరు దిమ్మెను ఉంచవలెను. రేకు నేలపైగాని నూనె తొట్టిపైగాని స్టాండు పెట్టినచో అవి లోనికి కుంగును.

స్టాండు లేదుకదా యని ఇటుకలు పేర్చువారు కలరు. ఇటుక గోడలో అనేక ఇటుకలతో కలిసి బరువు మోయును. ఒంటరిగా ఇనుపమొన క్రింద పడినప్పుడు ముందు హెచ్చరిక లేక పగులును. బోలు సిమెంటు దిమ్మెలు మరింత ప్రమాదకరములు. గనిలోని కఱ్ఱదిమ్మె విరుగుటకు ముందు కిఱ్ఱుమని ధ్వని చేయును గావున పూర్వపు కార్మికులు ఆ ధ్వనిని హెచ్చరికగా గ్రహించెడివారు. ఇటుక ఆపాటి ఉపకారమైనను చేయదు.

ఎంత మంచి స్టాండైనను నేల మెత్తనైనచో నిష్ప్రయోజనము. మన ప్రాంతపు నల్లరేగడి వానకాలమున కాలిక్రింద కుంగును, వేసవిలో బీటలు వారును. ఎండ 45 డిగ్రీలకు చేరు దినములలో తారురోడ్డు కూడ మెత్తబడి స్టాండు పాదములను లోనికి దిగనిచ్చును. సిమెంటు నేల ఉత్తమము. అది లేనిచోట ప్రతి స్టాండు క్రిందను పాదములు పూర్తిగా పట్టునంత వెడల్పు గల మందమైన టేకుపలకనో, ఉక్కుపలకనో పరువవలెను. వాలునేలపై ఈ పని తలపెట్టనేరాదు.

ఇక పని క్రమము. బండిని సమతలమున నిలిపి, గేరు వేసి, హ్యాండు బ్రేకు లాగి, నేలపై ఉండబోవు చక్రములకు ముందును వెనుకను అడ్డుదిమ్మెలు పెట్టవలెను. ఈ అడ్డుదిమ్మెలు ఏల అవసరమో గ్రహింపుడు. సాధారణముగా హ్యాండు బ్రేకు వెనుక చక్రములనే పట్టును. నేటి చిన్న కార్లలో గేరు ముందు చక్రములను పట్టును. ముందుభాగమును ఎత్తినప్పుడు గేరు పట్టిన చక్రములు గాలిలో ఉండును. వెనుకభాగమును ఎత్తినప్పుడు బ్రేకు పట్టిన చక్రములు గాలిలో ఉండును. ఏ వైపు ఎత్తినను ఒక రక్షణ పోవును. ఆ లోటును తీర్చునది అడ్డుదిమ్మె.

పిమ్మట బండిని జాకీతో ఎత్తి, రెండు వైపులను ఒకే ఎత్తున స్టాండ్లను నిలిపి, జాకీని మెల్లమెల్లగా దింపి బరువును వానిపైకి చేర్పవలెను. అప్పుడు బండి ప్రక్కన నిలిచి చేతులతో గట్టిగా ఊపవలెను. కదలవలసియున్నచో మనము క్రిందికి పోకముందే కదలవలెను. అనంతరము జాకీని తీసివేయక, బండిని తాకునట్లు మాత్రము ఉంచి, విప్పిన చక్రమునో స్టెప్నీనో బండి అంచు క్రిందికి జరుపవలెను. స్టాండు తప్పినను చక్రపు మందమంత ఎడము మిగులును. ఆ ఎడమే ప్రాణమును కాపాడును.

ఇంటిలోనివారికిని ఇందు పాత్ర కలదు. క్రింద మనిషి ఉన్నంతసేపు పిల్లలు బండినెక్కరాదు, తలుపులు గట్టిగా వేయరాదు, ఎవరును ఇంజనును నడుపరాదు. పెద్దలలో ఒకరు పిలుపు వినబడునంత దూరమున ఉండవలెను. బండి మీదపడినప్పుడు ఎముక విరుగకున్నను, ఛాతీ కదలక ఊపిరి ఆగి కొద్ది నిమిషములలోనే ప్రాణము పోవచ్చును. అట్టి ఆపద సంభవించినచో మనిషిని పట్టి లాగుటకు ప్రయత్నింపక, ముందు జాకీతో బండిని ఎత్తవలెను. ఇరుగుపొరుగువారిని పిలిచి, 108కి ఫోను చేయవలెను.

చక్రము మార్చుకొనుటకు స్టాండు తప్పనిసరి కాకపోవచ్చును. శరీరములో ఏ భాగమైనను బండి క్రిందికి పోవు పనికి మాత్రము స్టాండు లేనిదే పూనుకొనరాదు. స్టాండు లేని దినమున ఆ పనిని గుంతగాని, బండినెత్తు లిఫ్టుగాని ఉన్న షెడ్డునకు అప్పగించుట వివేకము. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్నందున ప్రయోజనము లేదు. బండికి సీటుకవర్లు కొనుటకు ముందే ఒక జత స్టాండ్లను, నాలుగు అడ్డుదిమ్మెలను, రెండు మందపాటి పలకలను ఇంట సమకూర్చుకొన్న గృహస్థు తన కుటుంబమునకు మేలు చేసినవాడగును.